ఎర్ర లైట్ల వీధి పక్కన ఇల్లు కొనాలా? ఆమ్‌స్టర్‌డామ్‌లో రేటు ఎలా లెక్కేసుకోవాలో చెప్తా

పోయినేడు మా బావమరిది ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రంలో ఒక అపార్ట్‌మెంట్ చూశాడు, 58 చదరపు మీటర్లు, మూడో అంతస్తు, కిటికీ తీస్తే కాలువ, ఫొటోలు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. మాకెలార్, అంటే ఇక్కడి ఇళ్ళ ఏజెంటు, మంగళవారం పొద్దున 10 గంటలకి రమ్మన్నాడు, వెళ్ళాం, వీధి అంతా కడిగిన ముత్యంలా ఉంది, ఒక ముసలాయన కుక్కని తిప్పుతున్నాడు, అంతే. రేటు మాత్రం అవతలి ఒడ్డు కన్నా బాగా తక్కువ. "బావా, ఇదేదో కలిసొచ్చేలా ఉంది" అన్నాడు వాడు. నేను మెట్లు దిగి సందు మలుపు దాకా వెళ్ళి చూశా, నాలుగు గాజు తలుపులు, లోపల పరదాలు వేసున్నాయి, పైన ఎర్ర ట్యూబ్ లైట్లు ఆర్పేసున్నాయి. అదీ సంగతి, సెక్స్ వర్కర్లు అద్దెకి తీసుకుని గాజు తలుపు వెనక నిలబడే గదులవి, వాటినే ఇక్కడ "కిటికీలు" అంటారు.

ఆ తర్వాత నెలన్నర పాటు ఇద్దరం కూర్చుని లెక్కలేశాం, చదివాం, అర్ధరాత్రిళ్ళు వెళ్ళి నిలబడ్డాం. ఈ మధ్య మనవాళ్ళు చాలామంది అద్దెలు కట్టలేక ఇక్కడ ఇళ్ళు కొంటున్నారు, అందులో కొందరికి ఇలాంటి చవక రేట్లు కనపడుతున్నాయి, అందుకని నేర్చుకున్నదంతా ఒకచోట రాస్తున్నా. నేను ఏజెంటునీ కాదు లాయర్నీ కాదు, మామూలు సాఫ్ట్‌వేర్ వాణ్ణి, అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

మొదట ఒక అపోహ తీసేద్దాం. "వ్యభిచారం లీగల్ చేస్తే ఆ ఊళ్ళో ఇళ్ళ రేట్లు పడిపోతాయి" అంటారు, ఇంకొందరు "ఆమ్‌స్టర్‌డామ్ చూడు, లీగలే, అయినా రేట్లు ఆకాశంలో ఉన్నాయి" అంటారు. రెండూ తప్పు లెక్కలే. ఊరి మొత్తం రేటు ఉద్యోగాల మీద, వడ్డీల మీద, కొత్త ఇళ్ళు ఎన్ని కడుతున్నారు అన్నదాని మీద నడుస్తుంది. ఈ వ్యవహారం ప్రభావం అంతా వీధి లెవెల్లో, ఇంకా చెప్పాలంటే గుమ్మం లెవెల్లో ఉంటుంది. నెదర్లాండ్స్‌లో బ్రోతల్ నడపడం మీద నిషేధం 1911 నుంచి ఉండేది, దాన్ని 2000 అక్టోబర్ 1న ఎత్తేశారు. నిషేధం ఉన్న రోజుల్లో కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లో కిటికీలు దర్జాగానే నడిచాయి, పోలీసులు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. 2000లో మారిందల్లా ఏంటంటే అది లైసెన్సు వ్యాపారం అయింది, ఫలానా అడ్రస్‌లో ఇన్ని కిటికీలు అని మున్సిపాలిటీ పుస్తకంలోకి ఎక్కింది.

కొనేవాడికి దీంట్లో అసలు విషయం ఇదే. లైసెన్సు అడ్రస్‌కి అతుక్కుని ఉంటుంది, కొత్తవి అంత తేలిగ్గా ఇవ్వరు, అంటే కిటికీ ఉన్న బిల్డింగ్ విలువ పెరుగుతుంది, పక్క బిల్డింగ్ విలువ తగ్గుతుంది. అక్కడ పనిచేసే అమ్మాయిలు ఒక్కో షిఫ్టుకి కిటికీ అద్దె వంద యూరోల పైనే కడతారు, రోజుకి రెండు షిఫ్టులు వేసుకోండి, ఎనిమిది పది చదరపు మీటర్ల గదికి నెలకి ఎంతవుతుందో మీరే గుణించుకోండి, మన మాదాపూర్‌లో షట్టర్ అద్దె దీని ముందు దిగదుడుపే. 2007లో సిటీ వాళ్ళు ఒకే ఓనర్ దగ్గర్నుంచి ఇలాంటి బిల్డింగులు కొనిపించారు, మొత్తం దాదాపు 25 మిలియన్ యూరోలు పోశారు. అంటే లీగల్ చేయడం వల్ల ఏరియాకి నష్టమా లాభమా అని అడిగితే, ఎవరికి అని తిరిగి అడగాలి. కింద కిటికీ ఉన్నవాడు లాభపడతాడు, పై అంతస్తులో కాపురం ఉండేవాడు తగ్గించి అమ్ముకుంటాడు.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం.

మొదటి పని, కిటికీలు లెక్కపెట్టండి

నవ్వకండి, నిజంగానే నడుచుకుంటూ వెళ్ళి లెక్కపెట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కిటికీలు మూడు చోట్ల ఉన్నాయి. పెద్దది డి వాలెన్, ఊడె కెర్క్ అనే పాత చర్చి చుట్టూ, ఊడెజైడ్స్ ఆఖ్టర్‌బుర్గ్‌వాల్ కాలువ ఒడ్డున, వాటి మధ్య సందుల్లో. రెండోది సింగెల్ దగ్గర స్పైస్ట్రాట్ వైపు సందుల్లో, కాస్త చిన్నది. మూడోది రౌస్డాల్‌కాడె, డి పైప్ ఏరియాలో, ఆల్బర్ట్ కైప్ మార్కెట్‌కి నడిచే దూరం.

ఈ మూడోది చూస్తే మీకు సగం పాఠం అర్థమైపోతుంది. అక్కడ కిటికీలు కాలువ ఒడ్డున వరసగా ఉంటాయి, ఎదురు ఒడ్డు హొబ్బెమాకాడె, ఇంకాస్త అవతలికెళ్తే రైక్స్‌మ్యూజియం చుట్టూ ఉండే ఖరీదైన పేట. అదే చట్టం, అదే ఎర్ర లైటు, అదే వ్యాపారం. కానీ అక్కడ టూరిస్టు గుంపులు ఉండవు, బీరు క్యాన్లు ఉండవు, పని ఉన్నవాడు వస్తాడు, పోతాడు. మేము శుక్రవారం రాత్రి పదిన్నరకి వెళ్తే ఒకావిడ పిల్లాణ్ణి సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఆ కిటికీల ముందు నుంచే ఇంటికెళ్ళిపోతోంది. అదే రాత్రి పదకొండున్నరకి డి వాలెన్ వెళ్తే, అబ్బో, పెళ్ళికి ముందు పార్టీకని విమానమెక్కి వచ్చిన కుర్రాళ్ళు, అందరూ ఒకే రకం టీషర్టులు, పెళ్ళికొడుక్కి మాత్రం పెళ్ళికూతురి గౌను, వంతెన మీద జనం కదలట్లేదు, సినిమా వదిలిన టైంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ గుర్తొచ్చింది. కాబట్టి రేటు తగ్గించేది కిటికీయా, కిటికీ చూడ్డానికి వచ్చే గుంపా అన్నది విడదీసి చూడాలి.

లెక్కపెట్టేటప్పుడు మీ గుమ్మం నుంచి మొదటి కిటికీకి ఎన్ని అడుగులు, మీ గుమ్మం ముందు నుంచి జనం నడిచే దారి ఏది, మీ గుమ్మానికీ కిటికీలకీ మధ్య కాలువ అడ్డం ఉందా, దగ్గర్లో వంతెన ఉందా అని రాసుకోండి. కాలువ చాలా పెద్ద గోడ. 15 మీటర్ల నీళ్ళు అవతల ఉంటే వేరే లోకం. వంతెన పక్క ఇల్లయితే మాత్రం ఆ గోడకి కన్నం ఉన్నట్టే.

రెండో పని, మూడు సార్లు వెళ్ళండి

మంగళవారం పొద్దున వాళ్ళు రమ్మన్న టైంకి ఒకసారి, శుక్రవారమో శనివారమో రాత్రి 11 నుంచి 2 దాకా ఒకసారి, ఆదివారం పొద్దున 8కి ఒకసారి. మూడోది ఎందుకంటే రాత్రి జరిగింది పొద్దునే కనపడుతుంది, గుమ్మాల దగ్గర వాంతులు, మూత్రం వాసన, పగిలిన సీసాలు, మున్సిపాలిటీ బండి ఎన్నింటికి వచ్చి కడుగుతుంది అన్నీ.

ఆ ఆదివారం పొద్దున పక్క బిల్డింగ్ నుంచి ఒక పెద్దావిడ చెత్త సంచీ తీసుకుని బయటకొచ్చింది, పలకరిస్తే ఆగింది, ముప్పై ఏళ్ళకి పైగా అక్కడే ఉంటోందట. కిటికీల్లో పనిచేసే అమ్మాయిలతో ఎప్పుడైనా ఇబ్బంది అయ్యిందా అని మా బావమరిది భార్య అడిగింది. ఆవిడ మమ్మల్ని పిచ్చివాళ్ళని చూసినట్టు చూసి, "వాళ్ళు పని కోసం వచ్చినవాళ్ళు, పని చేసుకుని పోతారు, నాకు నిద్ర లేకుండా చేసేది చూడ్డానికొచ్చే వెధవలు" అంది, డచ్‌లో ఇంకా ఘాటుగానే అందనుకోండి. ఆ ఒక్క మాట మాకు ఏ వాల్యుయేషన్ రిపోర్టూ చెప్పలేదు. అందుకే పక్కవాళ్ళతో మాట్లాడకుండా బిడ్ వెయ్యకండి.

సిటీ వాళ్ళకీ ఇది తెలుసు. 2020లో కిటికీల ముందు నుంచి గైడెడ్ టూర్లు ఆపేశారు, 2023లో ఆ వీధుల్లో బహిరంగంగా గంజాయి తాగడం నిషేధించారు, పొద్దున 6 దాకా తెరిచి ఉండే కిటికీలు 3 గంటలకే మూసేయాలన్నారు. ఆ చివరి రూలు మీద అమ్మాయిలు రోడ్డెక్కారు, వాళ్ళ వాదనలో న్యాయం ఉంది, గుంపుల గోల మీదైతే వాళ్ళ సంపాదన టైం ఎందుకు కోస్తారు. ఇల్లు కొనేవాడి కోణం నుంచి చూస్తే మాత్రం ఇలాంటి ప్రతి రూలూ మీ నిద్ర మీద, దాంతో పాటు మీ రేటు మీద పనిచేస్తుంది, అందుకని మున్సిపాలిటీ వార్తలు ఓ రెండేళ్ళవి వెనక్కెళ్ళి చదవండి.

మూడో పని, అసలు తేడా ఎంతో తేల్చండి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ళ అమ్మకాల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక స్టడీ చేశారు, కిటికీల పక్కనే ఉన్న ఇళ్ళు, ఆ ఏరియా దాటాక ఉన్న అలాంటి ఇళ్ళతో పోలిస్తే 24 శాతం దాకా తక్కువకి అమ్ముడుపోతున్నాయని తేల్చారు. ఈ 24 అనే నంబరు పట్టుకుని మా బావమరిది మాకెలార్‌తో బేరానికి దిగబోయాడు, నేనే ఆపాను. "దాకా" అన్న మాట ముఖ్యం, అది గోడకి గోడ ఆనుకున్న ఇంటి లెక్క. అందులో కొంత వాటా జేబు దొంగతనాల్లాంటి చిల్లర నేరాలది, మొత్తం కిటికీలదే కాదు.

మీ ఇంటికి ఎంత అనేది మీరే వెయ్యాలి, ఇలా. వోజ్ వాల్యూ అని మున్సిపాలిటీ ప్రతి ఇంటికీ ఏటా ఒక విలువ కడుతుంది, అది ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఎవరి ఇంటిదైనా చూడొచ్చు. మన రిజిస్ట్రేషన్ వాళ్ళ మార్కెట్ వాల్యూ లాంటిదే కానీ కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క సంగతి, అది ముందు ఏడాది జనవరి 1 నాటి విలువ, అంటే ఎప్పుడూ కొంచెం పాతది. మీ వీధిలో అయిదు ఇళ్ళు, కాలువ అవతల అయిదు ఇళ్ళు, ఒకే సైజువి తీసుకుని చదరపు మీటరుకి ఎంతో రాసుకోండి. తర్వాత కడాస్టర్ అనే భూమి రికార్డుల ఆఫీసు సైట్‌లో ఇంటికి కొన్ని యూరోలు కడితే చివరిసారి నిజంగా ఎంతకి అమ్మారో తెలుస్తుంది, రెండు మూడిటికి అయినా కట్టి తెచ్చుకోండి, ఆ డబ్బులకి కక్కుర్తి పడొద్దు.

మా లెక్క చెప్తా, నంబర్లు గుండ్రంగా చేశా. మేము చూసింది 4,64,000 యూరోలు, అంటే చదరపు మీటరుకి 8,000. అవతలి ఒడ్డున అదే సైజుది 5,51,000, అంటే 9,500. తేడా 87,000, దాదాపు 16 శాతం. మా వాడు ఈ మొత్తాన్నీ ఎర్ర లైట్ల ఖాతాలో రాసేశాడు. కూర్చుని చూస్తే అవతలి ఇంటికి పునాది కొత్తగా వేశారు, డబుల్ గ్లేజింగ్ ఉంది. మాది చెక్క దుంగల మీద నిలబడ్డ పాత కట్టడం, పైగా రక్షిత కట్టడం, కిటికీ గాజు మార్చాలన్నా పర్మిషన్ కావాలి. పునాదిలో మా వాటా 20,000, గాజులూ ఇన్సులేషనూ 25,000 అని ఇంజినీరు చూసి అంచనా ఇచ్చాడు. ఆ 45,000 తీసేస్తే మిగిలింది 42,000, అంటే ఏడున్నర శాతం చిల్లర. ఎర్ర లైట్ల డిస్కౌంట్ అంటే అదీ, 16 కాదు. మాకెలార్ చెప్పిన "చవక"లో సగం పైన మేము తర్వాత జేబులోంచి పెట్టాల్సిందే.

ఇంకా ఆ ఏరియాలో భూమి ఎవరిది అన్నది చూడండి, ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలా ఇళ్ళ కింద నేల సిటీదే, దానికి లీజు ఉంటుంది, కాకపోతే పాత సెంట్రంలో సొంత నేల ఉన్న ఇళ్ళు ఎక్కువ. ఒకటి లీజు ఇంకోటి సొంతం అయితే ఆ రెండిటినీ పోల్చడమే తప్పు.

నేరాల సంగతి. పోలీసుల ఓపెన్ డేటా సైట్‌లో పేట వారీగా నెలనెలా లెక్కలుంటాయి, చూడండి కానీ బెంబేలెత్తకండి, సెంట్రంలో జేబు దొంగతనాలు స్టేషన్ దగ్గర నుంచి డామ్ స్క్వేర్ దాకా టూరిస్టుల మీద జరిగేవే ఎక్కువ. లీగల్ చేస్తే నేరాలు పెరుగుతాయని గుడ్డిగా నమ్మక్కర్లేదు కూడా. డచ్ ఊళ్ళలో టిప్పెల్‌జోన్ అని వీధిలో నిలబడేవాళ్ళకి ఒక హద్దు గీసిచ్చేవాళ్ళు, అలాంటివి తెరిచాక మొదటి రెండేళ్ళలో రేప్, లైంగిక దాడుల కేసులు 30 నుంచి 40 శాతం తగ్గాయని 25 ఊళ్ళ మీద చేసిన స్టడీ 2017లో అచ్చయింది. అయినా జనం అలాంటి జోన్ పక్కన ఇల్లు కొనడానికి వెనకాడతారు, అది వేరే సంగతి, రేటు అనేది నిజం మీద కన్నా భయం మీద ఎక్కువ నడుస్తుంది.

కాగితాలు

ఇది బోరు కొట్టే భాగం, కానీ డబ్బంతా ఇక్కడే ఉంది. మీ బిల్డింగ్‌కీ, అటూ ఇటూ బిల్డింగులకీ మున్సిపాలిటీ ప్లాన్‌లో ఏం రాసుందో చూడాలి. 2024 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, ప్లాన్లన్నీ ఆన్‌లైన్‌లో మ్యాప్ మీదే కనపడతాయి, అడ్రస్ కొడితే ఆ నేల మీద ఏం చెయ్యొచ్చో వస్తుంది. అక్కడ సెక్స్ వ్యాపారానికి అనుమతి ఉందా, కింద అంతస్తులో బారు పెట్టుకోవచ్చా, హోటల్ పెట్టుకోవచ్చా చూడండి. నా మట్టుకు నాకు పక్కన కిటికీ ఉన్నా పర్లేదు కానీ పక్కన బారు వద్దు.

తర్వాత వీవీఈ, అంటే మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాంటిదే. విభజన దస్తావేజు అడిగి తీసుకోండి, అందులో ఏ అంతస్తు దేనికి వాడాలో, ఎవరికి ఎన్ని ఓట్లో ఉంటుంది. మా కేసులో కింద షాపు ఓనర్‌ది పెద్ద వాటా, అంటే మెట్లు రంగు వెయ్యాలన్నా ఆయన ఊఁ అనాలి. మీటింగ్ మినిట్స్ మూడేళ్ళవి అడగండి, ఖజానాలో ఎంత ఉందో చూడండి. అమ్మేవాడు ఒక ప్రశ్నల ఫారం నింపి ఇస్తాడు, పక్కింటివాళ్ళతో గొడవలున్నాయా అన్న చోట ఖాళీగా వదిలేస్తే వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఇక్కడి చట్టంలో తెలిసిన లోపం చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది, కళ్ళకి కనపడేది వెతుక్కోవాల్సిన బాధ్యత కొనేవాడిది. ఎర్ర ట్యూబ్ లైటు కళ్ళకి కనపడేదే, తర్వాత నాకు చెప్పలేదు అంటే కుదరదు.

కొని అద్దెకిద్దాం అనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. టూరిస్టులకి ఇవ్వాలంటే పర్మిట్ కావాలి, ఎన్ని రాత్రులు ఇవ్వొచ్చో పరిమితి ఉంది, అదీ మీరు నిజంగా కాపురం ఉండే ఇల్లయితేనే. మామూలు అద్దెకి కూడా, ఒక విలువ లోపు ఇళ్ళని కొన్న నాలుగేళ్ళ దాకా పర్మిట్ లేకుండా ఇవ్వనివ్వరు. సొంతానికి కొంటే ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ 2 శాతం, పెట్టుబడికైతే దానికి చాలా రెట్లు. కాబట్టి డిస్కౌంట్‌లో కొని అద్దె తిందాం అనే ఐడియా ఇక్కడ పెద్దగా పండదు.

కిటికీల సంఖ్య పెరుగుతుందా తగ్గుతుందా

డిస్కౌంట్‌లో కొని లాభం రావాలంటే ఒకటే దారి, మీరున్నప్పుడు కిటికీలు తగ్గాలి. 2007లో సిటీ ప్రాజెక్ట్ 1012 మొదలెట్టింది, 1012 అనేది ఆ ఏరియా పిన్‌కోడ్. వందకి పైగా కిటికీలు మూయించారు, వాటిల్లో కొన్నిట్లో ఫ్యాషన్ డిజైనర్లని కూర్చోబెట్టారు, ఎర్ర లైటు వెలిగిన చోట బొమ్మలకి గౌన్లు తొడిగారు. మూసిన చోట పక్క ఇళ్ళకి మేలు జరిగింది. కానీ మూతపడిన కిటికీల్లో పనిచేసినవాళ్ళు మాయమైపోలేదు, మిగిలిన కిటికీలకి పోటీ పెరిగింది, ఇంకొందరు కళ్ళకి కనపడని చోట్లకి వెళ్ళారు, గుంపులు మాత్రం మిగిలిన సందుల్లో ఇంకా చిక్కగా తయారయ్యాయి. అంటే మూసిన సందు పక్క ఇల్లు బాగుపడింది, మూయని సందు పక్క ఇల్లు ఇంకా ఇరుకులో పడింది. అందుకే మీ సందు ఏ లిస్టులో ఉందో తెలుసుకోవాలి.

ఉట్రెక్ట్‌లో జాండ్‌పాడ్ అని నీళ్ళ మీద పడవ ఇళ్ళల్లో కిటికీలు ఉండేవి, అక్రమ రవాణా అనుమానంతో 2013లో లైసెన్సులన్నీ రద్దు చేశారు. ఎదురుగా ఇళ్ళున్నవాళ్ళు వెంటనే రేట్లు పెరుగుతాయి అనుకుని ఉంటారు, కానీ ఖాళీ చేసిన చోటు వెంటనే పార్కు అయిపోదు, ఏళ్ళు పడుతుంది. బెల్జియంలో ఆంట్వెర్ప్ ఇంకో దారి పట్టింది, చాలా వీధుల్లో చెల్లాచెదురుగా ఉన్నవాటిని మూడు వీధుల్లోకి కుదించింది, మిగిలిన వీధులు ఊపిరి పీల్చుకున్నాయి.

ఇప్పుడు మనవాళ్ళందరికీ తగిలే విషయం. డి వాలెన్‌లో రద్దీ తగ్గించడానికి సెంట్రం బయట ఎరోటిక్ సెంటర్ కట్టాలని సిటీ ప్లాను, 100 గదులు. 2023 డిసెంబర్‌లో మేయర్ ఫెమ్కే హల్సెమా దానికి ఎంచుకున్న చోటు దక్షిణాన యూరోపాబుల్‌వార్డ్. అమ్‌స్టెల్‌వేన్‌లో, బైటెన్‌వెల్డర్ట్‌లో ఎంతమంది తెలుగువాళ్ళు ఉన్నారో మీకు తెలుసు, ఆ వార్త రాగానే మా వాట్సాప్ గ్రూపులో చూడాలి, "అమ్మేయండి" అని ఒకరు, "బతుకమ్మ ఎక్కడ ఆడాలి" అని ఇంకొకరు. దగ్గర్లోనే ఉన్న యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ వాళ్ళూ మా ఉద్యోగులు రాత్రిళ్ళు ఇంటికెలా వెళ్తారని అభ్యంతరం చెప్పారు. నేను మా గ్రూపులో చెప్పింది ఇదే, ప్రకటనకీ ఇటుకకీ మధ్య చాలా ఏళ్ళుంటాయి, ప్లాను మారాలి, అభ్యంతరాలు వినాలి, కోర్టులుంటాయి, కట్టేవాడు దొరకాలి. ఒక్క వార్తకి ఇల్లు అమ్ముకునేవాడు ఆ భయం ఖరీదంతా తనే కట్టేసి పోతాడు.

ఇక్కడ ఒక పనికొచ్చే హక్కు ఉంది, చాలామందికి తెలీదు. మున్సిపాలిటీ ప్లాను మార్చడం వల్ల మీ ఇంటి విలువ పడిపోతే నష్టపరిహారం అడగొచ్చు. కొత్త చట్టం ప్రకారం పక్కింటి స్థలంలో మార్పు వల్ల నష్టమైతే మొదటి 4 శాతం మీరే భరించాలి, అది అందరికీ ఉండే మామూలు రిస్కు కింద లెక్క, ఆ పైది అడగొచ్చు. అంటే 5,00,000 ఇంటికి మొదటి 20,000 మీ నెత్తినే. ఇంకో మెలిక, ప్లాను బయటపడ్డాక కొన్నవాడికి ఇవ్వరు, తెలిసే కొన్నావు కదా అంటారు. కాబట్టి మీరు ఇల్లు కొనే రోజుకి ఏ ప్లాను బయటపడి ఉందో ఆ పేజీ సేవ్ చేసి పెట్టుకోండి, తేదీ కనపడేలాగ.

ఇప్పటికే కొనేసినవాళ్ళకి చిన్న ఊరట, ఏటా వోజ్ కాగితం రాగానే ఆరు వారాల్లో అభ్యంతరం పెట్టొచ్చు. మీ వీధికి అవతలి ఒడ్డు రేటే కట్టారనుకోండి, రాత్రి ఫొటోలు, అమ్మకాల లెక్కలు జత చేసి పంపండి, విలువ తగ్గితే దాని మీద కట్టే పన్నూ తగ్గుతుంది. కాకపోతే వచ్చే ఏడాదే అమ్మే ఉద్దేశం ఉంటే తగ్గించమని అడక్కండి, కొనేవాడూ అదే సైట్ చూస్తాడు.

ఈ లెక్కంతా పట్టుకుని మన దేశంలో వేసేస్తామంటే కుదరదు. అక్కడ 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో సెక్స్ వర్క్ అనేదే నేరం కాదు, కానీ బ్రోతల్ నడపడం నేరం, తెలిసి అద్దెకివ్వడం నేరం, గుడికో బడికో ఆస్పత్రికో 200 మీటర్ల లోపల అయితే ఇంకా కష్టం, మేజిస్ట్రేట్ ఇల్లు ఖాళీ చేయించగలడు. అంటే లైసెన్సు వల్ల పెరిగే విలువ అనేదే ఉండదు, ఓనర్‌కి మామూళ్ళ ఖర్చు, కేసు భయం. ముంబైలో ఎర్ర లైట్ల పేట కామాఠీపుర చూడండి, ఆ పేరే నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్ళిన మన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది, రాళ్ళు మోసినవాళ్ళ పేటకి తర్వాత ఇంకో పేరు పడింది. ఇప్పుడక్కడ నేల దక్షిణ ముంబై నేల, బంగారం, బిల్డర్ల కళ్ళన్నీ దాని మీదే. కానీ గదిలో ఉండి పనిచేసే మనిషి చేతిలో కాగితం ఉండదు కాబట్టి ఆ పెరిగిన విలువలో ఆవిడకి దక్కేది ఏమీ ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో షిఫ్టు అద్దె కట్టే అమ్మాయికీ బిల్డింగ్ విలువలో వాటా లేదనుకోండి, కానీ కనీసం పోలీసు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు ఇవ్వగలదు.

సరే, మళ్ళీ మా వాడి ఇంటికి. బిడ్ ఎంత వెయ్యాలి అన్నది చివరి పని. మేం వేసుకున్న పద్ధతి ఇది, అవతలి ఒడ్డు రేటు లోంచి రిపేర్లు తీసెయ్యండి, మిగిలిన తేడాలో మీకు నిజంగా ఎంత ఇబ్బందో మీరే ధర కట్టండి. మా బావమరిదికి నిద్ర తేలిక, పిన్ను పడినా లేస్తాడు, వాడికి ఏడున్నర శాతం చాలదు. వాడి స్థానంలో నేనుంటే, నేను రైలు పట్టాల పక్కన పెరిగినవాణ్ణి, తీసేసుకునేవాణ్ణేమో. ఇద్దరికీ ఇల్లు ఒకటే, ధర వేరు. పిల్లలుంటే ఇంకో లెక్క, స్కూల్ దారి ఎటు నుంచి అనేది చూడండి. మరీ ముఖ్యంగా ఎన్నేళ్ళకి అమ్ముతారో అనుకోండి, ఎందుకంటే మీకొచ్చిన డిస్కౌంట్ మీరు అమ్మేటప్పుడు కొనేవాడికీ ఇవ్వాలి, కొనేప్పుడు 8 శాతం తగ్గి, అమ్మేప్పుడు 8 శాతం తగ్గితే మధ్యలో మీకు మిగిలింది తక్కువ వడ్డీ తప్ప ఏమీ లేదు.

బ్యాంకు వాల్యుయేషన్ కూడా ముందే అడిగి చూసుకోండి, ఇక్కడ లోను ఇంటి విలువ దాటి ఇవ్వరు, వాల్యుయర్ మీ బిడ్ కన్నా తక్కువ రాస్తే ఆ తేడా మీ జేబులోంచే. కింద అంతస్తులో వ్యాపారం ఉన్న బిల్డింగులకి కొన్ని బ్యాంకులు మొహం చిట్లిస్తాయి, బిడ్ కాగితంలో ఫైనాన్స్ దొరక్కపోతే తప్పుకుంటాం అన్న షరతు వదలొద్దు, పోటీ ఎక్కువుందని మాకెలార్ ఎంత తొందరపెట్టినా సరే.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాక కాపీ చేతికొచ్చిన మర్నాటి నుంచి కొనేవాడికి మూడు రోజులు ఆలోచించుకునే హక్కు ఉంది, కారణం చెప్పకుండా వెనక్కి రావొచ్చు. ఆ మూడు రోజుల్లో శుక్రవారమో శనివారమో రాత్రి పడేలా సంతకం తేదీ చూసుకోండి. ఆ రాత్రి ఆ వీధిలోనే ఒక హోటల్‌లో రోడ్డు వైపు గది తీసుకుని పడుకోండి, చెవుల్లో పెట్టుకునే ఆ స్పాంజి బిళ్ళలు మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి.